కోతల వేళ వచ్చిన కాగితం

సెప్టెంబరు నెలాఖరు. మన దగ్గర వరి పొట్టకొచ్చే కాలం, పత్తిలో కలుపు తీసే కాలం. కూలీకి ఒకరోజు పనుంటే రెండురోజులు లేని కాలం. రష్యాలో అది కోతల కాలం. సైబీరియాలో గోధుమ కొంత ఇంకా చేలోనే ఉంటుంది. దక్షిణాన పొద్దుతిరుగుడు, మొక్కజొన్న కొయ్యాలి. బంగాళాదుంప తవ్వాలి. మంచు పడకముందే వచ్చే ఏటి గోధుమకు విత్తనం వెయ్యాలి. కోతమిషను నడిపేవాడికి, ట్రాక్టరు నడిపేవాడికి ఆ నెలరోజులూ కంటిమీద కునుకుండదు. సరిగ్గా ఆ రోజుల్లో, 2022 సెప్టెంబరు 21 ఉదయం, ఆ దేశాధ్యక్షుడు పుతిన్ టెలివిజన్‌లో కనిపించి ‘పాక్షిక సమీకరణ’ ప్రకటించాడు. ఒకప్పుడు సైన్యంలో పనిచేసి, ఇంటికొచ్చి, ఎవరి బతుకు వాళ్ళు బతుకుతున్న రిజర్విస్టులను మళ్ళీ పిలుస్తున్నామన్నాడు. మొత్తం మూడు లక్షల మందిని పిలుస్తామని రక్షణమంత్రి షొయిగు లెక్క చెప్పాడు.

ఎక్కడి రష్యా, ఎక్కడి మన నాట్ల కూలి, మనకెందుకీ గొడవ అని కొందరు పాఠకులు అడగొచ్చు. ఆ సంగతికి తర్వాత వస్తాం. ముందు ఆ కాగితం అందుకున్నవాడి రోజులు ఎట్లా గడిచాయో చూద్దాం. ఎందుకంటే, యుద్ధం గురించి పత్రికల్లో వచ్చేదంతా ట్యాంకులు, మిస్సైళ్ళు, పటం మీద బాణం గుర్తులు. ఆ ట్యాంకు నడిపేవాడు నిన్నటిదాకా ఏం నడిపాడో, వాడు పోయినాక ఆ బండి ఎవరు నడుపుతున్నారో రాసేవాళ్ళు తక్కువ.

మన తహసీల్దారు ఆఫీసులో అడంగల్ ఉన్నట్లు అక్కడ ప్రతి జిల్లాలో ఒక మిలటరీ కమిషనరేటు ఉంటుంది. వాళ్ళ భాషలో వయెన్‌కొమాత్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న ప్రతి కుర్రవాడూ చట్టం ప్రకారం ఏడాదిపాటు సైన్యంలో పనిచెయ్యాలి. పనిచేసి వచ్చినవాడి పేరు ఆ కమిషనరేటు దస్తరాల్లో ‘రిజర్వు’ కింద పడుంటుంది. ఇంట్లో బీరువా అడుగున ఒక చిన్న ఎర్ర పుస్తకం ఉంటుంది, అది సైనిక గుర్తింపు పుస్తకం. పదేళ్ళయినా, పదిహేనేళ్ళయినా దాన్ని ఎవడూ బయటికి తియ్యడు. పెళ్ళవుతుంది, పిల్లలు పుడతారు, పొట్ట వస్తుంది, నడుం పడుతుంది. తుపాకీ ఎట్లా విప్పాలో ఎట్లా బిగించాలో మరిచిపోతాడు. దస్తరం మాత్రం మరిచిపోదు.

కాగితం తెచ్చేవాళ్ళు మిలటరీవాళ్ళే కానక్కర్లేదు. బైకాల్ సరస్సు పక్కనున్న బుర్యాతియా ఊళ్ళల్లో ప్రకటన వచ్చిన రాత్రే తలుపులు తట్టారు. కొన్నిచోట్ల బడిపంతుళ్ళ చేత పంచిపెట్టించారు. ఆ పంతులు దగ్గరే చదువుకున్నవాడు ఇప్పుడు ఆ పంతులు చేతిలోంచే కాగితం తీసుకొని సంతకం పెట్టాలన్నమాట! నలుగురు చిన్నపిల్లలున్న తండ్రికి మినహాయింపు అన్నారు. ఆ బుర్యాతియాలోనే అయిదుగురు పిల్లలున్నవాడికి పిలుపొచ్చింది. వయసు మీరినవాళ్ళకు, జబ్బుమనుషులకు, అసలు సైన్యం ముఖమే చూడనివాళ్ళకు కూడా వచ్చింది. తూర్పు కొసనున్న ఖబారొవ్స్క్ ప్రాంతంలో పిలిచిన కొన్నివేలమందిలో దాదాపు సగంమందిని అర్హులు కారని వెనక్కి పంపించి, అక్కడి మిలటరీ కమిషనరును పదవిలోంచి తీసేశారు. సగం తప్పులంటే అది తప్పుల లెక్క కాదు, తలల లెక్క. ఫలానా ప్రాంతం నుంచి ఇంతమంది అని పైనుంచి అంకె వస్తే, కిందివాడు చేతికి దొరికినవాణ్ణి పట్టుకొచ్చి అంకె నింపాడు. పల్లెలో మనిషి దొరకడం తేలిక. ఎవడి ఇల్లు ఎక్కడో అందరికీ తెలుసు, పొద్దున్నే ఏ చేలో ఉంటాడో కూడా తెలుసు.

సంతకం పెట్టిన రోజుకూ బస్సు ఎక్కే రోజుకూ మధ్య వ్యవధి ఎంత? కొందరికి ఒక రాత్రి, కొందరికి మూడు నాలుగు రోజులు, కొందరికి వారం. ఆ కాసిని రోజుల్లో ఒక పల్లెటూరి మనిషి చక్కబెట్టుకోవలసిన పనులు ఏమిటో మన పాఠకులకు మేము చెప్పనక్కర్లేదు. దుంపలు తవ్వి నేలమాళిగలోకి చేర్చాలి. చలికాలానికి కట్టెలు కొట్టి పేర్చాలి. ముప్ఫయ్ డిగ్రీలు గడ్డకట్టే చలిలో కట్టెలు లేని ఇంట్లో పిల్లలు బతకరు. ఆవుకు గడ్డి కావాలి. ఇంటిమీద, బండిమీద తెచ్చిన బ్యాంకు అప్పు సంగతి తేల్చాలి. నెలవారీ కిస్తీ కట్టేవాడు యుద్ధానికి పోతుంటే బ్యాంకువాడు ఊరుకుంటాడా? సమీకరణలో పోయినవాళ్ళకు వాయిదాల గడువిచ్చే చట్టం అక్టోబరు 7న గాని రాలేదు. మొదటి బస్సులు కదిలి అప్పటికి రెండు వారాలు. పెళ్ళి కాకుండా కలిసుంటున్న జంటలు రిజిస్ట్రారు ఆఫీసులకు పరుగెత్తాయి. వాడికి ఏమన్నా అయితే ఆ పిల్లకు పింఛనన్నా రావాలి గదా! ఆ రోజుల్లో పిలుపు కాగితం చూపిస్తే గడువు లేకుండా అదేరోజు పెళ్ళి రాసిపెట్టారు. పెళ్ళికూతురు పెళ్ళినాడే వెధవ పింఛను సంగతి ఆలోచించుకొనే దేశం ఎట్లాంటి దేశమో మనమే ఊహించుకోవచ్చు.

ఇక బజారు. ఇది విడిగా చెప్పుకోవలసిన సంగతి. సర్కారు పిలిచింది, సర్కారు బట్టలిస్తుంది, బూట్లిస్తుంది అని పోతే అక్కడ ఏమీ లేదు. ఇచ్చిన తుపాకులు తుప్పుపట్టి ఉన్నాయని జవానులే వీడియోలు తీసి చూపించారు. ఒక శిబిరంలో ఓ అధికారిణి వరసగా నిలబెట్టి చెప్పిన మాటలు ఊరూరా తిరిగాయి: నిద్రసంచీలు మీరే తెచ్చుకోండి, మందులు మీరే తెచ్చుకోండి, ఆడవాళ్ళు నెలసరిలో వాడే గుడ్డలు మీ పెళ్ళాలనడిగి తెచ్చుకోండి, గుండు దిగిన చోట కుక్కుకోవడానికి పనికొస్తాయి అని. ఇదీ ప్రపంచంలో రెండో పెద్ద సైన్యం అని చెప్పుకొన్నవాళ్ళ సరంజామా!

అందుచేత పెళ్ళాం, తల్లి, అక్కచెల్లెళ్ళు బజారునపడ్డారు. చలిబట్టలు, బూట్లు, వీపుసంచీ, నెత్తురు ఆగేలా బిగించి కట్టే పట్టీలు, తూటా ఆపే కవచం. అందరూ ఒకేసారి అడిగేసరికి ధరలు ఇష్టం వచ్చినట్లు పెంచేశారు. కోతలప్పుడు గోనెసంచి ధర ఎట్లా పెరుగుతుందో మనకు తెలుసు. చావుకు పోయేవాడి బూట్ల మీద కూడా వ్యాపారం చేసుకోవచ్చని ఆ నెలలో తేలింది. అప్పు తెచ్చి, చందాలు వసూలు చేసి ఊళ్ళు తమ కుర్రవాళ్ళకు సామాను కొనిచ్చాయి. దేశం కోసం నీ ప్రాణమివ్వు అన్నవాడు ఆ ప్రాణాన్ని కప్పే గుడ్డ మాత్రం నువ్వే కొనుక్కో అన్నాడు.

మరి సర్కారు గిడ్డంగుల్లో బట్టలు ఏమైనట్లు? ఈ ప్రశ్న అడిగింది ప్రతిపక్షం కాదు. పుతిన్ పార్టీవాడే, మాజీ జనరల్, పార్లమెంటు సభ్యుడు గురుల్యోవ్ అడిగాడు. పదిహేను లక్షల జతల యూనిఫారాలు ఉండాలి, అవి ఎటు పోయాయో ఎవరూ చెప్పడం లేదన్నాడు. సైన్యానికి సరుకు సరంజామా చూసే ఉపమంత్రి బుల్గాకోవ్‌ను సమీకరణ మొదలైన మూడో రోజు, సెప్టెంబరు 24న మార్చేశారు. రెండేళ్ళ తర్వాత, 2024 జూలైలో, అవినీతి కేసులో అరెస్టు చేశారు. మరో ఉపరక్షణమంత్రి తిమూర్ ఇవనోవ్ అదే ఏడు ఏప్రిల్‌లో అరెస్టయి, 2025లో పదమూడేళ్ళ శిక్ష వేయించుకున్నాడు. రేషను షాపు బియ్యం ఎట్లా దారి తప్పుతాయో చూసిన మనకు ఇందులో కొత్త ఏముంది? దారి తప్పిన బియ్యం వల్ల పస్తుంటాం, దారి తప్పిన కవచం వల్ల గుండెలో గుండు దిగుతుంది. తేడా అంతే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఎవర్ని పిలిచారు, ఎవర్ని వదిలారు?

సెప్టెంబరు 23న, అంటే రెండు రోజులు తిరక్కుండానే, రక్షణశాఖ ఒక మినహాయింపు జాబితా ప్రకటించింది. పెద్ద చదువు చదివి కంప్యూటరు సంస్థల్లో, టెలిఫోను సంస్థల్లో, ముఖ్యమైన వార్తాసంస్థల్లో, బ్యాంకింగు వ్యవస్థలో పనిచేసేవాళ్ళలో కొందర్ని పిలవరాదన్నారు. వాళ్ళు లేకపోతే దేశం ఆగిపోతుందని కారణం చెప్పారు. మంచిదే, బ్యాంకు నడవాలి. మరి కోతమిషను నడవొద్దా? ట్రాక్టరు డ్రైవరు పేరు ఆ జాబితాలో లేదు. పాలు పితికేవాడి పేరు లేదు. సెప్టెంబరు 27న వ్యవసాయ పనుల మీద జరిగిన సమావేశంలో పుతిన్ స్వయంగా ఒప్పుకున్నాడు: వ్యవసాయ కార్మికుల్ని కూడా సమీకరణలో పిలుస్తున్నారు, వాళ్ళ కుటుంబాల్ని రాష్ట్రాధికారులూ సంస్థల యజమానులూ చూసుకోవాలని చెప్పాడు. పిలవడం ఆపమని చెప్పలేదు. ఆ ఏడు రష్యాలో ధాన్యం పదిహేను కోట్ల టన్నులు దాటింది, అంతకుముందెన్నడూ లేనంత పంట. ఆ పంట పండించినవాళ్ళలో ఎందరో కళ్ళం చూడకుండానే పోయారు.

జాబితాలో పేరు లేకపోయినా చేతిలో డబ్బున్నవాడు వేరే దారి చూసుకున్నాడు. విమానం టిక్కెట్లు గంటల్లో అయిపోయాయి, ఉన్నవి పదింతలు పలికాయి. రెండు వారాల్లో ఒక్క కజకిస్తాన్‌లోకే రెండు లక్షలమందికి పైగా రష్యన్లు వచ్చారని ఆ దేశపు హోంమంత్రి చెప్పాడు. జార్జియా సరిహద్దులో కార్లు మైళ్ళకొద్దీ బారు తీరాయి. వాళ్ళను మేము తప్పుపట్టడం లేదు. చంపడం ఇష్టంలేకనో చావడం ఇష్టంలేకనో పోయినవాణ్ణి ఎందుకు నిందించాలి? మేం చెప్పేదల్లా ఇది: పోవడానికి కారుండాలి, పోయినచోట అద్దె కట్టడానికి పైసలుండాలి, కంప్యూటరు ముందు కూర్చుని ఎక్కడినుంచైనా చేసే పనుండాలి. ఆవులున్నవాడు ఎక్కడికి పోతాడు? ముసలితల్లిని ఎవరికి అప్పజెప్పి పోతాడు?

ఊళ్ళన్నీ తలొంచుకొని బస్సులెక్కలేదు. సెప్టెంబరు 25న దాగెస్తాన్‌లోని ఎందిరెయ్ అనే ఊరివాళ్ళు రోడ్డుమీద బైఠాయించి రహదారి ఆపేశారు. పోలీసులు గాలిలోకి కాల్పులు జరిపారు. ఆ రాష్ట్ర రాజధాని మఖచ్‌కలాలో ఆడవాళ్ళే పోలీసుల్ని నిలదీశారు. అదేరోజు యకూత్స్క్ పట్నంలో ఆడవాళ్ళు చేతులు పట్టుకొని, తమ సంప్రదాయ నృత్యం ఆడుతూ, పోలీసుల చుట్టూ వలయం కట్టారు. మన బతుకమ్మ ఆటలాంటిదే అది, నినాదం మాత్రం వేరు. ఎక్కడివాళ్ళో గమనించండి. బుర్యాతులు, తువా జనం, దాగెస్తాన్ కొండజాతులు, యకూతులు. మాస్కోకు వేలమైళ్ళ దూరంలో, పేదరికం ఎక్కువగా ఉన్న చిన్నజాతుల ప్రాంతాలు. మన ఏజెన్సీ గూడేలలాంటివి.

బస్సు దిగిన తర్వాత శిక్షణ శిబిరం. డేరాలు, బురద, కట్టెపొయ్యి, తగినన్ని మంచాలు లేక నేలమీదే పడకలు. కొన్ని శిబిరాల్లో చేతికి తుపాకీ ఇచ్చి మూడు నాలుగుసార్లు కాల్పించి అయిందనిపించారు. తాగుడు సరేసరి. అక్టోబరు 15న బెల్గొరొద్ ప్రాంతంలోని శిబిరంలో తోటివాళ్ళ మీదే కాల్పులు జరిగి పదకొండు మంది చచ్చారు. శిక్షణ ఎన్నాళ్ళు అని అడిగితే అక్టోబరు 14న పుతిన్ లెక్క చెప్పాడు: మొదట అయిదు నుంచి పదిరోజులు, తర్వాత పటాలంలో చేరాక అయిదు నుంచి పదిహేను రోజులు, ఆపైన కలిసి పోరాడే కసరత్తు. అప్పటికి పిలిచిన రెండు లక్షల ఇరవై రెండు వేలమందిలో పదహారు వేలమంది యుద్ధంలోనే ఉన్నారనీ అతనే చెప్పాడు. దానికి ముందురోజే ఉరాల్ ప్రాంతంలోని చెల్యాబిన్స్క్ అధికారులు తమ జిల్లాలనుంచి పిలిచినవాళ్ళలో అయిదుగురు చనిపోయారని ప్రకటించారు. పిలుపు సెప్టెంబరు 21, చావుకబురు అక్టోబరు 13. మధ్యలో ఇరవై రెండు రోజులు. మన దగ్గర వరి నారు నాటుకు వచ్చే లోపల అక్కడ మనిషి పిలుపందుకొని, బట్టలు కొనుక్కొని, శిక్షణ పొంది, చచ్చి, పెట్టెలో తిరిగొచ్చాడు.

ఆ శిబిరాల్లోనే మరోటి కూడా జరిగింది, పెద్ద పత్రికలు దాన్ని ఓ మూల వేసి వదిలేశాయి. ఉల్యానొవ్స్క్ శిబిరంలో చువాషియా రాష్ట్రం నుంచి తెచ్చినవాళ్ళు నవంబరు మొదట్లో, ఇస్తామన్న లక్షా తొంభై అయిదు వేల రూబుళ్ళు ఇవ్వందే కదలమని వందమందికి పైగా ఎదురుతిరిగారు. అణచడానికి బలగాలను దింపారు. ఉల్యానొవ్స్క్ అంటే లెనిన్ పుట్టిన ఊరని వేరే చెప్పనక్కర్లేదనుకుంటాం. సరిగ్గా అదే వారంలో ఒక్కొక్కరికి లక్షా తొంభై అయిదు వేల రూబుళ్ళు ఒకేసారి ఇస్తామని పుతిన్ డిక్రీ వచ్చింది. ఈ రెంటికీ సంబంధం ఉందో లేదో మేము తేల్చి చెప్పలేం గాని, కూలిరేటు కోసం ఎప్పుడన్నా పని బంద్ చేసినవాళ్ళు తమకు తోచింది అనుకోవచ్చు.

ఈ డబ్బు సంగతి కొంచెం వివరంగా చూడాలి. యుద్ధంలో మామూలు సిపాయికి నెలకు తక్కువలో తక్కువ లక్షా తొంభై అయిదు వేల రూబుళ్ళన్నారు. అప్పటి మారకం ప్రకారం మన డబ్బులో రెండున్నర లక్షల పైచిలుకు. సైబీరియా పల్లెలో కష్టపడి సంపాదించేదానికి మూడు నాలుగింతలు. ‘వాళ్ళు డబ్బు కోసం పోయారు’ అని తేలిగ్గా అనేవాళ్ళున్నారు. పల్లెలో డబ్బు ఎందుకు లేకుండా పోయిందో మాత్రం అడగరు. 1991 తర్వాత సమష్టి క్షేత్రాలను విడగొట్టారు. ప్రతివాడికీ భూమివాటా అని కాగితం చేతిలో పెట్టారు. విత్తనం, యంత్రం, అప్పు లేనివాడు వాటా ఏం చేసుకుంటాడు? 2002లో వ్యవసాయభూముల అమ్మకానికి చట్టం వచ్చింది. ఆ తర్వాత వాటాలు కొనేసి, కౌలుకు తీసుకొని, లక్షల ఎకరాల కంపెనీ వ్యవసాయం పెరిగింది. నిన్నటి సభ్యుడు ఇవాళ్టి జీతగాడయ్యాడు, అదీ అందరికీ దొరకదు. బడి మూశారు, ఆస్పత్రి మూశారు. ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క పెద్ద యజమాని సైన్యం. భూమి పోగొట్టుకున్నవాడికి తుపాకీ పట్టుకోవడం ఒక ఉపాధిపథకం అయింది.

ఇంటికి మిగిలింది ఏమిటి? మంగోలియా సరిహద్దున ఉన్న తువాలో, ఆ అక్టోబరులో, మగవాడు యుద్ధానికి పోయిన ఇంటికి సర్కారు తరఫున ఒక బతికున్న గొర్రెను, పిండిని, బంగాళాదుంపల్ని, క్యాబేజీని పంచారు. సఖాలిన్ దీవిలో చేపలిచ్చారు. మూడు లక్షలమంది కావాలని లెక్క చెప్పిన షొయిగు పుట్టింది ఆ తువాలోనే! గొర్రెను ఇచ్చిన అధికారులు దాన్ని ఫోటో తీసి గర్వంగా ప్రచారం చేసుకున్నారు కూడా. అక్కడి పశుపోషకుల ఇంట్లో గొర్రెలకు కరువు లేదు. వాటిని కాసేవాడే లేడు.

వెనక్కి ఎప్పుడు వస్తారన్నది మరో మాట. డిక్రీలో ఏడో అంశాన్ని రహస్యమని ప్రచురించలేదు. అందులో ఉన్నది పిలవబోయే మనుషుల సంఖ్య అని అధ్యక్షుడి ప్రతినిధి చెప్పాడు. అక్టోబరు 28న పిలుపులు పూర్తయ్యాయని షొయిగు ప్రకటించాడు. కాని సమీకరణ ముగిసిందని డిక్రీ రాలేదు, దానికి డిక్రీ అక్కర్లేదన్నారు. ఇందులో కిటుకుంది. డిక్రీ ప్రకారం సమీకరణ కాలం ముగిస్తే తప్ప సిపాయికి విడుదల లేదు. వయసు మీరాలి, వైద్యులు పనికిరావనాలి, లేదా జైలుశిక్ష పడాలి. కూలీకి రోజుకూలి ఉంటుంది, పాలేరుకు ఏడాది ఒప్పందం ఉంటుంది. వీడికి గడువే లేదు. లొంగిపోతే పదేళ్ళదాకా జైలని సెప్టెంబరు 24న చట్టం కూడా చేసి పెట్టుకున్నారు. మన పెద్దలు చూసిన వెట్టి ఇదే. తాత చేసిన అప్పు స్థానంలో తాత దేశం పేరు పెట్టారు.

2023 కొత్త సంవత్సరం రాత్రి మకీవ్‌కాలో ఒక సాంకేతిక పాఠశాల భవనంలో వీళ్ళను గుంపుగా పెట్టారు. ఉక్రెయిన్ రాకెట్లు పడి కూలింది. ఎనభై తొమ్మిది మంది చచ్చారని రష్యా రక్షణశాఖే ఒప్పుకుంది. చాలామంది సమారా ప్రాంతం నుంచి వచ్చిన రిజర్విస్టులు. కారణమేమిటంటే వాళ్ళు సెల్‌ఫోన్లు వాడారట! కొత్త సంవత్సరంనాడు ఇంటికి ఫోను చేసినవాడిది తప్పు, అందర్నీ ఒకేచోట కుక్కినవాడిది కాదు.

ఇక్కడ మన మిత్రులతోనే కొంచెం మాట్లాడాలి. ఇది రాస్తున్నామని తెలిసి ఒకరిద్దరు పెద్దలు నొచ్చుకున్నారు. అమెరికా, నాటో కూటమి రష్యా గడపదాకా రాలేదా, దాన్ని వదిలేసి రష్యానే తిడతారేం అన్నారు. నాటో తూర్పుకు జరుగుతూ వచ్చిందన్నది నిజమే, ఆయుధ కంపెనీలు ఈ యుద్ధంలో కోట్లు గడిస్తున్నాయన్నదీ నిజమే. దాన్ని మేం దాచడం లేదు. కాని 2022 ఫిబ్రవరి 24న సరిహద్దు దాటింది ఎవరి సైన్యం? తువా గొర్రెలకాపరిని దొనెత్స్క్ పొలాల్లోకి తోలింది నాటో కాదు గదా. మనలో చాలామందికి ‘సోవియట్ భూమి’ పత్రిక గుర్తుంది. నున్నటి కాగితం, నవ్వుతున్న ట్రాక్టరు డ్రైవర్లు. చదివాక పిల్లల పుస్తకాలకు అట్టలు వేసేవాళ్ళం. ఆ దేశం 1991లో పోయింది. ఆ బొమ్మలో నవ్విన డ్రైవరు కొడుక్కే 2022లో కాగితం వచ్చింది. మన అభిమానం ఆ డ్రైవరు మీదా, ఆ జెండా మీదా, ఆ జెండా దింపి కుర్చీలెక్కినవాళ్ళ మీదా? తేల్చుకోవాలి.

అవతలివైపు సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం. ఉక్రెయిన్ తనమీద జరిగిన దాడిని ఎదుర్కొంటోంది, అది వేరు. అయినా అక్కడ కూడా కాగితం అందేది ఎక్కువగా పల్లెవాడికే. 2022లో సర్వసమీకరణ ప్రకటించి, 18 నుంచి 60 ఏళ్ళ మగవాళ్ళు దేశం దాటరాదన్నారు. 2024 ఏప్రిల్‌లో పిలుపు వయసును 27 నుంచి 25కు దించారు. వ్యవసాయ సంస్థలు తమ ట్రాక్టరు డ్రైవర్లను వదిలిపెట్టమని దరఖాస్తులు పెట్టుకున్నాయి. వదిలిపెట్టినవాడు పొలంలోకి దిగితే అక్కడ మందుపాతరలు. దున్నుతూ చనిపోయినవాళ్ళున్నారు. చెర్నోజెమ్ అనే ఆ నల్లరేగడి కోసమే కదా చరిత్రలో ఇన్నిసార్లు సైన్యాలు అటు తిరిగింది.

1914 వేసవిలో జారు ప్రభుత్వం సమీకరణ ప్రకటించినప్పుడూ కోతలకాలమే. రైతుల్ని తీసుకుపోయారు, వాళ్ళ గుర్రాల్ని కూడా తీసుకుపోయారు. మూడేళ్ళు కందకాల్లో కుళ్ళిన ఆ రైతులే 1917లో ఇంటిదారి పట్టారు. ఆ నవంబరులో వచ్చిన మొదటి డిక్రీలు రెండు: ఒకటి శాంతి, ఒకటి భూమి. 2023 నవంబరు 7న, ఆ విప్లవం వార్షికోత్సవంనాడు, మాస్కోలో కమ్యూనిస్టు పార్టీ సభకు కొందరు ఆడవాళ్ళు వచ్చారు. ఏడాది దాటినా మావాళ్ళను పంపించలేదు, ఇంటికి పంపండని అట్టలు పట్టుకున్నారు. పోలీసులు వచ్చి వాళ్ళను విడగొట్టారు. ఆ తర్వాత ఆ ఆడవాళ్ళు శనివారం శనివారం పేరులేని సైనికుడి సమాధి దగ్గర పూలు పెట్టి నిలబడుతూ వచ్చారు. వాళ్ళ సంఘాన్ని 2024లో ‘విదేశీ ఏజెంటు’ అన్నారు. మొగుణ్ణి ఇంటికి పంపమన్న ఆడది విదేశీ ఏజెంటు!

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్న. మనకెందుకు? 2022 మార్చిలో పొద్దుతిరుగుడు నూనె లీటరు రెండు వందల దాకా పోయింది, కూలిరేటు పోలేదు. పొటాష్ బస్తా పదిహేడు వందలయింది. ఇది అందరికీ తెలిసిన లెక్క. తెలియవలసింది మరోటుంది.

మన పల్లెలకూ సైన్యానికీ బంధం పాతది. పశ్చిమగోదావరిలో ‘మిలటరీ మాధవరం’ అని పిలిచే ఊరుంది, మొదటి ప్రపంచయుద్ధం నాటినుంచి తరతరాలుగా ఆ ఊరినుంచి సిపాయిలు పోతున్నారు. సిపాయి ఉద్యోగాన్ని మేము చిన్నచూపు చూడం. దాంతోనే పిల్లల్ని చదివించుకున్న కుటుంబాలు వేలు. కాని ఆ ఉద్యోగాన్ని 2022 జూన్ 14న ‘అగ్నిపథ్’ పేరుతో నాలుగేళ్ళకు కుదించారు. నూటికి పాతికమందిని ఉంచుకొని మిగతావాళ్ళను పంపిస్తామన్నారు. మూడురోజులకు, జూన్ 17న, సికింద్రాబాద్ స్టేషనులో పోలీసు కాల్పుల్లో చచ్చినవాడు వరంగల్ జిల్లా రైతుకుటుంబం బిడ్డ. రిజర్వు పద్ధతి మన దగ్గరా ఉంది. 1949లో ప్రారంభించిన టెరిటోరియల్ ఆర్మీలో ఉన్నవాళ్ళు మామూలు ఉద్యోగాలూ వ్యాపారాలూ చేసుకుంటూ పిలిచినప్పుడు పోవాలి. 2025 మేలో పాకిస్తాన్‌తో ఘర్షణ జరిగినప్పుడు ముప్ఫై రెండు పదాతి పటాలాల్లో పద్నాలుగింటిని పిలవడానికి సైన్యాధిపతికి అధికారమిచ్చారు. అప్పుడు యుద్ధం నాలుగురోజుల్లో ఆగింది. ఆగకపోతే, పిలిచినవాళ్ళ ఇంటి అప్పుకు, బిడ్డల ఫీజుకు ఎవరు జవాబుదారీ అన్నది ఇప్పుడే అడిగిపెట్టుకోవాల్సిన మాట. కాగితం వచ్చిన రాత్రి అడిగితే లాభం లేదు.

అంతకంటే దగ్గర సంగతి చెబుతాం. మూడు లక్షలు చాలలేదు. రెండోసారి సమీకరణ ప్రకటిస్తే ఊళ్ళు తిరగబడతాయని భయపడి, డబ్బు ఆశచూపి పరాయిదేశాలవాళ్ళను కూడా తెచ్చుకోవడం మొదలుపెట్టారు. సైన్యంలో సహాయకుడి పని, వంటపని, కాపలాపని, యుద్ధం దగ్గరికి పోనక్కర్లేదు అని చెప్పి ఏజెంట్లు మన తెలంగాణ కుర్రవాళ్ళను కూడా పంపారు. హైదరాబాదు నుంచి పోయిన ఒకతను 2024లో అక్కడ చనిపోయాడు. 2024 మార్చిలో సి.బి.ఐ. కేసు పెట్టింది. 2025 జనవరిలో మన విదేశాంగశాఖ చెప్పిన లెక్క ప్రకారం రష్యా సైన్యంలో చేరిన భారతీయులు 126 మంది, అందులో పన్నెండుమంది చనిపోయారు, పదహారుమంది జాడ తెలియలేదు. పోయినవాళ్ళు ఎవరు? దుబాయి పోయేవాళ్ళు ఎవరో వాళ్ళే. ఉన్న ఎకరం కౌలుకిచ్చి, పుస్తెలు కుదువపెట్టి ఏజెంటుకు కట్టినవాళ్ళే.

కాబట్టి ఊళ్ళల్లో పనిచేసే సంఘాలవాళ్ళను మేము ఒక పని అడుగుతున్నాం. మీ మండలంలో రష్యా పని అంటూ తిరిగే ఏజెంటు ఎవరన్నా ఉంటే వాడి పేరు, వాడు ఎవరిదగ్గర ఎంత తీసుకున్నాడో రాసి కలెక్టరు ఆఫీసులో ఇవ్వండి, రసీదు తీసుకోండి. కుర్రవాళ్ళు సంతకం పెట్టే ముందు ఒప్పందాన్ని తెలుగులో చదివి వినిపించమని పట్టుబట్టండి. ఇంతకుముందు పోయినవాళ్ళు పెట్టిన సంతకం రష్యన్ భాషలో రాసిన కాగితం మీద. అందులో ఏం రాసుందో చదవగలిగినవాడు వాళ్ళలో ఒక్కడూ లేడు.